యువరాజుకు పాఠం చెప్పినవాడు

పూర్వం మధుకూట విద్యాపీఠంలో ఒక ఆనవాయితీ ఉండేది. పెద్ద చదువు చదివే శిష్యుడు, గురువు పట్టా ఇచ్చేదాకా చిన్నవాళ్ళకు పాఠాలు చెప్పాలి. కుమ్మరి చెన్నప్ప అలా ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. గురువు త్రిలోచనశాస్త్రి మాత్రం అరుగు మీద హాయిగా కునుకు తీసేవాడు. ఏటా పట్టాల రోజున, "నీకింకా తర్కం పట్టుబడలేదురా" అనేవాడు.

ఆ ఏడు పట్టాలివ్వడానికి రాజుగారే వచ్చారు. శాస్త్రి అక్కడే చదువుకున్న యువరాజును ముందు నిలబెట్టి, "తర్కంలో వీరికి సాటి లేరు" అన్నాడు. చెన్నప్ప వంతు వచ్చేసరికి మళ్ళీ పాత పాటే పాడాడు.

చెన్నప్ప చేతులు కట్టుకున్నాడు. "చిత్తం గురువుగారూ. అయితే యువరాజుగారి పట్టా కూడా ఆపించండి. మొదటినుంచీ వారికి తర్కం చెప్పింది నేనే. నాకు రానిది వారికెలా వచ్చిందో తమరే సెలవివ్వాలి."

రాజుగారు శాస్త్రివైపు తిరిగారు. శాస్త్రి ఉత్తరీయంతో నుదురు తుడుచుకుని, "ఇద్దరికీ వచ్చు మహాప్రభూ" అన్నాడు.

మర్నాడు చెన్నప్ప పట్టాను గూట్లో పెట్టి, సారె ముందు కూర్చుని తీరిగ్గా కుండ చేస్తున్నాడు. గుమ్మంలో దగ్గు వినబడింది. చూస్తే శాస్త్రి.

"నాయనా, పిల్లలంతా వచ్చి కూర్చున్నారు. పాఠం ఎక్కడ ఆపావు?"