పెళ్లికొడుకు కాళ్లు

విరూపయ్యగారికి ఒక అలవాటుంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. "పద, వెళ్లి చూద్దాం" అంటారు. లోకనాథం అడిగింది మాత్రం కూర్చోబెట్టి చెప్పదగ్గ ప్రశ్నే అని మఠంలో అందరూ అనుకున్నారు.

"అయ్యా, ఏటికి అవతల గట్టు ఊళ్లలో ఎనభై ఏళ్ల తాతలు చుట్ట కాలుస్తూ మునిమనవల మీద కేకలేస్తుంటారు. ఇవతల మా జీడితోటల ఊళ్లలో నలభై దాటితే మగాడు మిగలడు. మా నాన్న అలాగే పోయాడు, మా అన్న అలాగే పోయాడు. ఇద్దరికీ కిడ్నీలే. మీ తాతలేదో పాపం చేసుంటారు, అది మీకు కొడుతోంది అంటారు గట్టు ఊళ్లవాళ్లు. నిజమేనా?"

పాపమట! డాక్టర్లు వచ్చి రక్తం తీసుకెళ్లారు, బావి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. మళ్లీ వచ్చి ఫలానా అని చెప్పినవాడు లేడు. చెప్పేవాడు లేనిచోట పాపమొక్కటే తేరగా దొరుకుతుంది మరి.

గురువుగారు, "మీ అన్న కూతురి పెళ్లి ఎప్పుడన్నావు?" అన్నారు. ఆ వారంలోనే. ఇద్దరూ బయల్దేరారు.

అన్న లేడు కాబట్టి కాళ్లు కడిగి కన్యాదానం చెయ్యాల్సింది లోకనాథమే. ఆ ఊళ్లలో కాళ్లు కడగడంలో ఒక మెలిక ఉంది. భార్య నీళ్లు పోస్తుంటే, కడిగేవాడు పసుపు రాసే వంకన పెళ్లికొడుకు చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కుతాడు. వేలు తియ్యగానే చర్మం లేచిందా, పెళ్లి సాగుతుంది. సొట్ట అలాగే నిలిచిందా, ఒంట్లో నీరు చేరింది, కిడ్నీలు పాడవుతున్నాయన్నమాట. కడిగేవాడు లేచి చేతులు తుడుచుకుంటాడు, మేళం ఆగిపోతుంది. ఎవరూ ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. పాతికేళ్లకే పిల్ల బొట్టు చెరుపుకోకూడదని పెద్దలు పెట్టుకున్న ఆచారం అది. ఆడపిల్ల కాలు నొక్కి చూసే ఆచారం మాత్రం ఎవరూ పెట్టలేదు.

లోకనాథం నొక్కాడు. వేలు తీశాడు. సొట్ట పడింది, పడినట్టే ఉంది. పెళ్లికొడుకు దాలినాయుడు తల వంచుకుని కూర్చున్నాడు, కాలు మాత్రం వెనక్కి లాక్కోలేదు. పందిరంతా లోకనాథం చేతుల వంకే చూస్తోంది. అతను ఆ సొట్ట మీద ఇంత పసుపు మెత్తి, పసుపు చేతులతోనే లేచి, లోపల పెళ్లికూతురి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మీ నీలవేణీ, ఇంకా తాళి పడనేదు. ఊఁ అను, ఇప్పుడే ఆపేస్తాను. ఆ గుంటడి కాళ్లకి నీరొచ్చీసిందే!"

"నాకెరికే సిన్నాన్నా," అంది నీలవేణి. "ఆడే సెప్పినాడు. నానూ నాది సెప్పినాను." చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి, తన కాలిమీద తనే వేలితో నొక్కి తీసింది. అక్కడా సొట్ట పడింది. "గట్టు ఊరోడు నన్ను సేసుకుంతాడేటి? ఇద్దరికీ ఒకటే జబ్బైతే ఆస్పత్రికి ఒకే బస్సులో ఎల్లొచ్చు గదా." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

లోకనాథం గోడకు చేరబడి ఏడ్చాడు. అన్న పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. బయట మేళం మోగుతూనే ఉంది. కళ్లు తుడుచుకుని వెళ్లి కన్యాదానం చేశాడు. ఏం చేస్తాడు మరి?

తాళి కట్టాక పిల్లలిద్దరూ గురువుగారి కాళ్లకు మొక్కారు. ఆయన గుప్పిట్లో అక్షింతలున్నాయి. రావాల్సిన మాట ప్రతి పెళ్లిలో వచ్చేదే, అందరికీ తెలిసిందే. ఆయన పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. రెండో చెయ్యి ఇద్దరి తలలమీదా పెట్టి, చాలాసేపు అలాగే ఉంచి, లేచి పందిరి బయటికి నడిచారు.

లోకనాథం వెనకాలే పరిగెత్తాడు. "అయ్యా, దీవించకుండా వచ్చేశారేం? పిల్లలు మీ మాట కోసం చూస్తున్నారు."

గురువుగారు గుప్పిలి విప్పారు. అక్షింతలు చెమటకు తడిసి అరచేతికి అంటుకుపోయి ఉన్నాయి. వాటిని విదిల్చి శిష్యుడి చేతిలో పోశారు.

"పాపం వీళ్లదన్నారే గట్టు ఊళ్లవాళ్లు, వాళ్లకియ్యి ఇవి," అన్నారు. "వచ్చి ఈ ఇద్దరినీ నూరేళ్లు బతకమని దీవించమను."