కోర్టుకు బండెక్కిన ఇల్లు

రష్యా దేశంలో ఒక పల్లెలో ఎరోఫెయ్ అని ఒకాయన ఉండేవాడు. తన ఇంట్లో ఉన్నంత తెలివి చక్రవర్తి కోటలో కూడా లేదని ఆయన నమ్మకం. భార్య ఉస్తీన్యదీ అదే నమ్మకం. తమ్ముడు పహోమ్‌కి నమ్మకాలతో పనిలేదు, అన్నయ్య చెబితే చాలు.

ఆ ఏడు మంచు పడబోతుండగా పక్కింటి క్లీమ్ వచ్చి, "ఈ ఇల్లు మీ నాన్న నాకిచ్చేశాడు, ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఆ చలిలో నెత్తిన కప్పు లేకపోతే మనిషి మిగలడు. ఉస్తీన్య గొల్లుమంది.

"ఏడవకే, కోర్టు లేదూ!" అన్నాడు ఎరోఫెయ్.

తాతల కాలంలో మనిషిని బట్టి కోర్టు. వర్తకుడి మీద దావా వర్తకుల కోర్టులో, చర్చివాడి మీద దావా బిషప్పు దగ్గర, రైతు మీద దావా జమీందారు దగ్గర. వీళ్ళకి తెలిసింది అదే. మరి క్లీమ్ కొవ్వొత్తులు అమ్ముతాడు, చర్చిలో గంట కొడతాడు, పొలమూ దున్నుతాడు. ఇంకేముంది! అమ్మే క్లీమ్ మీద అన్న, గంట కొట్టే క్లీమ్ మీద వదిన, దున్నే క్లీమ్ మీద తమ్ముడు తలో దిక్కుకీ పరిగెత్తారు. మూడు చోట్లా తిట్లే. "ఆ రోజులు పోయాయి! కొత్త చట్టం వచ్చింది. అందరికీ ఒకటే కోర్టు, పట్నానికి పోండి!"

ఏ పట్నమో అడగాలని ఎవరికీ తోచలేదు. పెద్ద ఊళ్ళో న్యాయం కూడా పెద్దదిగా దొరుకుతుందని పక్క జిల్లా పట్నానికి పోయారు.

"ఇంటి తగాదా ఇల్లు ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే వినాలి. మీ ఇల్లు ఇక్కడ లేదుగా?" అన్నాడు గుమాస్తా.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు ఎరోఫెయ్.

వాళ్ళది దుంగల ఇల్లు. విప్పారు, బళ్ళకెత్తారు, తెచ్చి కోర్టు ఎదురుగా మళ్ళీ పేర్చారు. పహోమ్ మాత్రం రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. దొంగలు పడతారేమోనని, ఇల్లు లేని చోట కాపలా కూర్చున్నాడట.

జడ్జిగారు కిటికీలోంచి చూసి తల పట్టుకున్నాడు. "బండెక్కి వచ్చిందంటే ఇది కదిలే సొత్తే కదయ్యా! కదిలే సొత్తు తగాదా అయితే, ప్రతివాది ఎక్కడ కాపురముంటే అక్కడ దావా వేసుకోవాలి."

ఎరోఫెయ్ నెత్తి మొత్తుకున్నాడు. "నాది బుర్రా, గుమ్మడికాయా? ఇంటికి బదులు క్లీమ్‌ని మోసుకొస్తే సరిపోయేదిగా! బరువూ తక్కువే!"

అంతే, పహోమ్ ఊరికి పరిగెత్తాడు. "క్లీమ్ మావయ్యా, నువ్వు పట్నంలో కాపురం పెట్టాలట!"

"పెడతాను సరే, ఉండటానికి ఇల్లేదిరా?"

"మాది లేదూ!"

క్లీమ్ పెళ్ళాంబిడ్డలతో, కోళ్ళతో సహా దిగాడు. ఉస్తీన్య పొయ్యి రాజేసి, పక్కలు కూడా పరిచింది. క్లీమ్ కాళ్ళు చాపుకుని, "ఇంట్లో పరాయివాళ్ళుంటే ఇది నా కాపురం ఎలా అవుతుంది?" అన్నాడు. నిజమేగా! ముగ్గురూ బయటికొచ్చారు. లోపల గడియ పడింది. బయట మంచు మొదలైంది.

"ఏమయ్యా, చలేస్తోంది" అంది ఉస్తీన్య.

"పిచ్చిదానా, ఇక వాడెక్కడికి పోతాడు? సరిగ్గా కోర్టు ఎదుటే దొరికిపోయాడు!"

"లోపల చలేసి, మళ్ళీ ఊరికి పోతేనో?" అన్నాడు పహోమ్.

ఎరోఫెయ్ వెంటనే గొడ్డలి అందుకున్నాడు. ఇంకేముంది, ఆయన కట్టెలు కొట్టడం, తమ్ముడు మోయడం, ఉస్తీన్య వణుకుతూ వాటిని కిటికీలోంచి క్లీమ్‌కి అందించడం!