హవల్దారు విప్పని బూట్లు

రండి, దగ్గరికి రండి. చాప చాలకపోతే అరుగు మీద సర్దుకోండి. వెనక నిలబడ్డ పెద్దవాళ్లూ కూర్చోవచ్చు, ఈ కథ మీకే ఎక్కువ పనికొస్తుంది.

పరాంకుశయ్యగారనే గురువు దగ్గర శేషు అనే శిష్యుడుండేవాడు. ఆశ్రమంలో అందరికీ నీళ్లు తోడేవాడు, అందరి గుడ్డలూ ఉతికేవాడు. తనకు జ్వరం వస్తే మాత్రం ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒకసారి అలాగే మూడు రోజులు లంఖణం చేసి పడుకుంటే, గురువుగారే జావ కాచి, గిన్నెతో వచ్చి పక్కన కూర్చున్నారు. శేషు కంగారుగా లేచాడు.

"మీ చేత నేను సేవ చేయించుకోవడమా? పెద్దవాళ్లకు పని పెట్టకూడదనుకోవడం వినయమే కదా గురువుగారూ?"

ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. గిన్నె కింద పెట్టి, సిమ్మన్న అనే సిపాయి సంగతి మొదలుపెట్టారు.

యుద్ధం జరుగుతున్న రోజులు. మంచుకొండ మీద చిన్న కాపలా స్థావరం. పదకొండుమంది సిపాయిలు, వాళ్ల మీద హవల్దారు పేర్రాజు. సిపాయిల్లో అందరికన్నా చిన్నవాడు సిమ్మన్న, శ్రీకాకుళం వైపువాడు. అక్కడ తుపాకీ గుండు కంటే చలికే ఎక్కువ భయపడాలి. తడిసిన మేజోళ్లలో వేళ్లు మొద్దుబారి, తెల్లబడి, చివరికి కోసేయాల్సి వచ్చేది. అందుకని పేర్రాజు ఒక కట్టడి పెట్టాడు. రోజూ పొద్దు వాలేముందు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని బూట్లు విప్పాలి. ఒకరి పాదాలు ఒకరు తుడిచి, వేళ్లు చూసి, పొడి మేజోళ్లు తొడగాలి. మా కాళ్లు మేమే చూసుకుంటామంటే ఒప్పుకునేవాడు కాదు. "చలిలో ఉన్నవాడు తన కాలి గురించి తనకే అబద్ధం చెప్పుకుంటాడు" అనేవాడు.

పదిమంది అయిదు జతలయ్యారు. మిగిలిన సిమ్మన్నకు హవల్దారే జత.

సిమ్మన్నకు ప్రాణం చచ్చినంత పనైంది. తండ్రి వయసువాడి చేతికి కాళ్లెలా అందించడం? "నాను ముందే సూసుకున్నాను సార్, బాగున్నాయి" అంటూ తప్పించుకుని కాపలాకు పోయేవాడు. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు ఎడమకాలి నొప్పి పూర్తిగా పోయింది. దేవుడి దయ అనుకున్నాడు. ఆ కాలు కర్రముక్కలా పడుతుండడం చూసి పేర్రాజు అతన్ని పట్టి బంకరులో కూర్చోబెట్టాడు.

"బూటు విప్పు."

"వద్దు సార్. తమరు నా కాళ్లు ముట్టుకుంటే ఆ పాపం నాకు సుట్టుకుంటాది."

"నీ కాలు పోతే నిన్ను కిందికి మోయడానికి నలుగురు కావాలి. వాళ్లు వెళ్లాక శత్రువొస్తే ఏం చెప్పమంటావురా? మా సిమ్మన్నకు మొహమాటం, రేపు రమ్మననా?"

బూటు ఊడింది. మూడు వేళ్లు సున్నం పూసినట్టున్నాయి. పేర్రాజు కోటు గుండీలు తీసి, ఆ పాదాన్ని తన కడుపుకు ఆనించుకుని, మళ్లీ కోటు కప్పేశాడు. సిమ్మన్న కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి, "సార్, సూదులతో పొడిసినట్టుంది" అని మూలిగాడు. బంకరులో అందరూ ఒక్కసారి నవ్వేశారు. నొప్పి తిరిగొస్తే కాలు బతికినట్టే.

సిమ్మన్న వంగి హవల్దారు కాళ్లకు దండం పెట్టబోయి ఆగిపోయాడు. ఆ బూట్ల తాళ్ల మీద మంచు గట్టిపడి ఉంది.

"ఇవెప్పుడు ఇప్పారు సార్?"

పేర్రాజు తల గోక్కున్నాడు. "నాలుగు రోజులైంది. నా జతగాడు రాలేదుగా. ఇవాళ చూద్దాం, రేపు చూద్దామని నేనూ వదిలేశాను."

సిమ్మన్న తాళ్లు కోసి బూట్లు లాగాడు. రెండు వేళ్లు అప్పుడే తెల్లబడుతున్నాయి. ఈసారి కోటు గుండీలు తీసింది సిమ్మన్న.

మంచు కరిగాక ఇద్దరూ తమ కాళ్ల మీదే కొండ దిగారు.

శేషు గురువుగారి వైపు తిరిగాడు. "అయితే ఆ నాలుగు రోజులూ సిమ్మన్నది వినయం కాదా గురువుగారూ?"

పరాంకుశయ్యగారు గిన్నె అతని ముందుకు జరిపారు.

"నేనూ ఇంకా తినలేదు నాయనా. జావ చల్లారిపోతోంది."

అంతే. లేవండిక, చాప దులిపి గోడకు నిలబెట్టండి. ఇళ్లకెళ్లి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చోండి. ముద్ద నోట్లో పెట్టుకునేముందు, వడ్డించేవాళ్లు తిన్నారో లేదో ఒక్క మాట అడగండి.