కిటికీ పక్క సీటు

అనగనగా సాలూరులో పోలినాయుడని ఒక తాత. ఆయనా, మనవరాలు పైడితల్లీ విశాఖపట్నం చూడాలని ఎన్నాళ్ళగానో అనుకున్నారు. తీరా బయల్దేరే ముందు ఆ పిల్ల జామచెట్టెక్కి కాలు విరగ్గొట్టుకుంది. వద్దంటే వినకపోతే అంతే మరి.

"నువ్వెళ్ళు తాతా. అన్నీ చూసొచ్చి నాకు చెప్పు," అంది.

"ఒక్కటీ వదలను," అని తాత మాటిచ్చాడు.

అప్పుడు విశాఖపట్నం వెళ్ళి, ఒక్కరోజులో ఊరంతా చూపించే బస్సు దగ్గరికెళ్ళాడు. కిటికీలోంచి తువ్వాలు విసిరి, ఆ పక్క సీటే పట్టాడు. అక్కడైతే అన్నీ కనబడతాయని.

మొదట బస్సు కైలాసగిరి కొండెక్కింది. అందరూ దిగి శివపార్వతుల్ని చూశారు, చిన్న రైలెక్కి తిరిగారు. తాత దిగలేదు. దిగితే సీటు పోదూ?

ఆ తర్వాత, ఒడ్డుకు తెచ్చి నిలబెట్టిన జలాంతర్గామి. అందరూ దాని కడుపులోకి దూరారు. తాత సీట్లోనే కూర్చుని పులిహోర తిన్నాడు. కిటికీలోంచి ఆయనకు కనబడింది పక్క బస్సు.

ఆ తర్వాత భీమిలి సముద్రతీరం. పక్క సీట్లో కూర్చున్న వాళ్ళ ఊరి సత్తెమ్మ దిగబోతూ ఆగింది.

"నాయుడు బావా, ఊరు చూడ్డానికొచ్చినావా, సీటు కాపలాకొచ్చినావా?"

"మనవరాలికి అన్నీ చెప్పాలమ్మా. కిటికీ పోతే ఎలాగ?"

"ఏటి చెప్తావు? పక్క బస్సు రంగేనా?"

తాత లెక్కేసుకున్నాడు. అప్పటికే చూడాల్సినవి రెండు పోయాయి. చటుక్కున లేచి, ఆ సీటు ఒక చంటిపిల్ల తల్లికిచ్చి, సముద్రంలోకి దిగాడు. మొదటి అల మోకాళ్ళు తడిపింది. రెండోది పంచె తడిపింది. మూడోది తాతనే పడేసింది. ఉప్పునీళ్ళు ఉమ్ముతూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో ఎగిరెగిరి పడుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు పిల్ల అడిగింది. "కొండ మీదేం చూశావు తాతా?"

అబద్ధం చెబితే ఎవరికి తెలుస్తుంది? అయినా తాత చెప్పలేదు.

"చూడలేదమ్మా. సీటు పోతుందని దిగలేదు."

"మరి జలాంతర్గామి?"

"అదీ అంతే."

పిల్ల మొహం చిన్నబోయింది. అప్పుడు తాత మూడు అలల సంగతీ చెప్పి, మూడోదానికి ఎలా పడ్డాడో మంచం పక్కన నేలమీద పడి చూపించాడు. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"పోన్లే తాతా, ఆ రెండూ నాకోసం ఉంచావు. కాలు అతికాక ఇద్దరం వెళ్దాం. దిగనంటే చెయ్యి పట్టుకుని నేనే దింపుతాను."

తప్పు చేస్తే ఒప్పుకోవాలి, నాన్నా. ఒప్పుకున్నవాడికి ఇంకో ప్రయాణం దొరికింది కదా.

కథేమో కంచికి బస్సెక్కింది,
మా బంగారుకొండ మంచమెక్కింది.