బూట్లలో మొలిచిన గునుగు

బొగ్గు బాయి ప్రమాదంలో పోయినవాళ్ల పేరిట పెంచిన స్మారక వనంలో ఓదెలు అనే తోటమాలి ఉండేవాడు. పనిమంతుడే కానీ, తెలియదని చెప్పుకోవడం అతనికి మహా నామోషీ.

ఒక శ్రావణంలో పట్నం నుంచి ఒక శిల్పి వచ్చింది. పోయిన పదిహేడు మంది పాత బూట్లూ ఇళ్లిళ్లు తిరిగి తెచ్చి, మట్టి నింపి, ఇంటిదారి పట్టినట్టు పచ్చిక మీద వరసగా పేర్చింది. ఏదేదో వివరించి, "అర్థమైంది కదా?" అని అడిగింది. ఓదెలుకు ఒక్క ముక్క అంతుపట్టలేదు. అయినా గంగిరెద్దులా తలూపాడు.

ఆమె వెళ్లాక బూట్ల చుట్టూ తిరిగాడు. వీటికి నీళ్లు పొయ్యాలా, దుమ్ము తుడవాలా? అసలు బూట్లలో మట్టేమిటి? చూడవచ్చినవాళ్లు అడిగితే మాత్రం, "అది పెద్ద కళ, మీకు తెల్వది" అనేవాడు.

పది రోజుల వానకు బూట్లలో మొలకలొచ్చాయి. చూస్తే గునుగు. చేలో కనబడితే పీకి పారేసే కలుపు. కళలో కలుపేమిటో పాపం అతనికి తోచలేదు. శిల్పికి ఫోన్ చేద్దామనుకున్నాడు కానీ, "అప్పుడు తలూపావు కదా" అంటుందేమోనని మానేశాడు. తనకు తెలిసిన పని ఒక్కటే. కూర్చుని పదిహేడు జతల్లోని మొలకలనూ శుభ్రంగా పీకేశాడు.

బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్తరమాస నాడు పొద్దున్నే కనకవ్వ తాంబాలం పట్టుకుని వచ్చింది. ఆమె పెనిమిటి పోశం ఆ బాయిలోనే పోయాడు.

"పట్నపామె మట్టిల కలుపుతానంటే గింజలు నా చేత్తోనే ఇచ్చిన అన్నా. ఆయన బూట్ల పూసిన గునుగుతోని బతుకమ్మ పేరుస్త" అంటూ వరసలో మొదటి బూటులోకి వంగి చూసింది. వట్టి మట్టి.

ఓదెలు చెప్పేశాడు. "కలుపనుకున్న. నేనే పీకిన చెల్లె."

ఆమె నడుమెత్తి నిలబడింది. "ఒక్క మాట అడగకపోతివా" అని, ఖాళీ తాంబాలం చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఓదెలు ఆ రోజే మళ్లీ గింజలు చల్లాడు. మొలకలొచ్చాయి కానీ పండుగ వాటికోసం ఆగలేదు.

మరుసటి శ్రావణంలో కనకవ్వ గుమ్మం ముందు నిలబడ్డాడు. "పోశం బూట్లు ఏవో నాకు తెల్వది చెల్లె. చూపియ్యి."

"ఎడమ మడిమె అరిగినయి" అంటూ ఆమె గింజల మూట తీసుకుని లేచింది.

తెలియనిది అడిగితే పోయేదేమీ లేదు. అడగకుండా చేసిన పనిలో పోయేది మాత్రం ఎదుటివాళ్ల సొత్తు.