సింగోజు కట్టిన కొలువుకూటం

తూర్పు సముద్రపు ఒడ్డున, ఒకానొక రాజ్యాన్ని ఉద్దండదేవుడనే రాజు ఏలుతూ ఉండేవాడు. ఆయనకు నూట ఎనిమిది బిరుదులు. వందిమాగధులు వాటిని చదివి ముగించేదాకా ఆయన ఎవరి మాటా వినేవాడు కాడు. ముగించిన తరువాత వినే ఓపిక ఆయనకు మిగిలేది కాదు.

అయినా తన గురించి నలుగురూ ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం ఆయనకు మెండుగా ఉండేది. అందుచేత సింగోజు అనే స్థపతిని పిలిపించి, "కొలువులో ఎంత దూరాన ఎవరు గుసగుసలాడినా నా సింహాసనానికి వినపడాలి. అటువంటి కూటం కట్టు" అని ఆజ్ఞాపించాడు.

సింగోజు ఏడేళ్లు శ్రమించాడు. ఒకనాడు రాజు పని చూడవచ్చినప్పుడు, పనివాళ్లు ఎక్కి నిలిచే సారువ విరిగి, పైనున్న రాయి జారింది. సింగోజు రాజును పక్కకు తోసి, ఆ దెబ్బ తన భుజానికి తీసుకున్నాడు. అది మొదలు అతని ఎడమచేయి పైకి లేవలేదు. మిగిలిన పని కుడిచేతితోనే ముగించాడు.

కూటం పూర్తయింది. గోడల వెంట తప్ప నడుమ ఒక్క స్తంభం లేదు. బోర్లించిన గిన్నె వంటి అంత పెద్ద పైకప్పును ఏది పట్టి నిలిపిందో చూసేవారికి అంతుపట్టేది కాదు. గుడి కాకపోయినా, గడప దగ్గరికి వచ్చినవారు తమకు తెలియకుండానే చెప్పులు విడిచేవారు.

ప్రవేశోత్సవానికి ముందునాటి మధ్యాహ్నం, అరబ్బు దేశపు గుర్రాల వర్తకుడు సులైమాను ఆ వింత చూడవచ్చాడు. అతని వెంట ఆస్థాన దుబాసి నాగెన ఉన్నాడు. పరదేశుల మాటలను రాజుకూ, రాజు మాటలను పరదేశులకూ వినిపించడం నాగెన ఉద్యోగం. ఇద్దరూ పడమటి స్తంభం పక్కన నిలిచారు. ఎదుటి కొనన సింహాసనం మీద రాజు, ఆయన పక్కన తలారి, బొమ్మల్లా చిన్నగా కనపడుతున్నారు.

ఉన్నట్టుండి నాగెన చెవి పక్కనే ఎవరో మాట్లాడినట్టయింది.

"రేపు సింగోజుకు నా చేతులతో కంకణం తొడుగుతాను. ఆ వెంటనే అతని కళ్లు తీయించు. ఇటువంటి కూటం మరో రాజుకు ఉండరాదు."

నాగెన వెనుదిరిగి చూశాడు. ఎవరూ లేరు. దూరాన రాజు పెదవులు కదిలి ఆగాయి. ఆ అద్భుతానికి ఒకసారి, ఆ మాటకు మరొకసారి నాగెన ఒళ్లు గగుర్పొడిచింది.

సింగోజును తప్పిద్దామంటే కోట ద్వారాలన్నింటి దగ్గరా అప్పటికే కావలి పెట్టారు. నాగెన వర్తకుణ్ణి కూటం బయటికి తీసుకుపోయి సంగతి చెప్పాడు. సులైమాను తన దేశంలో పూర్వం జరిగిందంటూ ఒక కథ చెప్పాడు.

"అయ్యా, ఈ కథ రేపు కొలువులో చెబుతారా? నేను తెలుగులో వినిపిస్తాను" అన్నాడు నాగెన.

"చెబితే నా గుర్రాలు పోతాయేమో?"

"గుర్రాలూ పోవచ్చు, మన తలలూ పోవచ్చు."

"దుబాసి ఇంత ఉన్నదున్నట్టు చెప్పడం ఏ రేవులోనూ చూడలేదు" అని సులైమాను నవ్వి, సరేనన్నాడు.

మరునాడు కొలువు కిటకిటలాడింది. పడమటి స్తంభం దగ్గర, కోటలో పూలమ్మే ముసలమ్మ మల్లక్క పక్కనున్న ఆమెతో, "మా మనవరాలు నిన్న తొలి అడుగు వేసిందమ్మా" అని మెల్లగా అన్నది. సింహాసనం మీది నుంచి రాజు, "మల్లక్కా, నీ మనవరాలు నిన్న తొలి అడుగు వేసిందా?" అని బిగ్గరగా అడిగాడు. సభ నిశ్చేష్టమైంది. మల్లక్క రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

రాజు మీసం దువ్వుకున్నాడు. "ఓయి దుబాసీ! మా కూటాన్ని ఆ పరదేశిని తన భాషలో పొగడమను."

పడమటి స్తంభం పక్కనే నిలబడి సులైమాను చెబుతూ ఉంటే, నాగెన తెలుగు చేశాడు.

"తమ దేశంలో పూర్వం ఒక శిల్పి తన రాజుకు సాటిలేని మేడ కట్టి ఇచ్చాడట. అటువంటిది మరొకరికి కడతాడేమోనని ఆ రాజు, శిల్పిని ఆ మేడ మీది నుంచే కిందికి తోయించాడట."

"ఆ రాజు పేరేమి?"

నాగెన అడిగి చెప్పాడు. "తనకు తెలియదంటున్నాడు, ప్రభూ. మేడ కూడా మిగలలేదట. శిల్పి పేరు మాత్రం ఒంటెలు తోలేవాళ్లకు కూడా తెలుసునట. మేలుకు కీడు జరిగిన ప్రతిచోటా జనం ఆ పేరే తలుచుకుంటారట."

రాజు ముఖం నల్లబడింది. "ఇది అతడు చెప్పిందా, నీవు కల్పించిందా?"

"నేను మాట మోసేవాణ్ణే కాని పుట్టించేవాణ్ణి కాను, ప్రభూ. నిన్న మధ్యాహ్నం ఈ స్తంభం దగ్గర మాకొక మాట వినపడింది. దానితో ఆయనకు ఈ కథ జ్ఞాపకం వచ్చింది."

రాజు తలారి వైపు వంగి, పళ్లబిగువున, "ఆ దుబాసిని కూడా పట్టుకో" అన్నాడు.

"తలారికి అంతదూరం నడక ఎందుకు, ప్రభూ? నేనే వస్తున్నాను" అన్నాడు నాగెన, ఆ కొన నుంచి.

పడమటి స్తంభం చుట్టూ ఉన్నవారందరూ రాజు మాట విన్నారు. వారి చూపులు ఒక్కటొక్కటిగా, అక్కడే నిలబడ్డ సింగోజు మీదికి మళ్లాయి. సింగోజు తల వంచుకున్నాడు.

రాజు పెదవులు కదిలీ కదలనట్టు, "ఇది కూడా వినపడుతున్నదా?" అన్నాడు.

మల్లక్క, "వినపడుతున్నది, మహారాజా" అని గొణిగింది. ఆ గొణుగుడు రాజు చెవి పక్కనే పలికింది.

రాజు తలెత్తి పైకప్పును చూశాడు. ఇన్నాళ్లుగా దాన్ని నలుగురికీ చూపిస్తూనే ఉన్నాడు కాని, తాను చూడడం అదే మొదటిసారి.

"సింగోజూ, ఇలా ఎందుకు కట్టావు?"

"ధ్వనికి రాకపోకల దారి ఒక్కటే, ప్రభూ. రెండు దారులు వేయడం నాకు చేతకాదు. నమూనా చూపిన నాడే మనవి చేశాను. అప్పుడు వందిమాగధులు తమరి అరవయ్యో బిరుదు చదువుతున్నారు."

సభలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"మరి నీవు ఇటువంటిది ఇంకొక రాజుకు కట్టవని నమ్మకమేమిటి?"

సింగోజు బదులు చెప్పకముందే నాగెన చేతులు జోడించాడు. "ఆ పూచీ నాది, ప్రభూ. దేశదేశాల రాజులకూ వారి వారి భాషల్లో ఈ కూటం గుణం నేనే వివరిస్తాను. తన రహస్యాలు పూలమ్మే అవ్వకు వినపడేటట్టు కట్టించుకోగల ధైర్యవంతుడు తమరు కాక మరొకడు కనపడితే, నా కళ్లు తీయించండి!"

ఉద్దండదేవుడు ఒక్క క్షణం ఉలిక్కిపడి, ఆ తరువాత ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు కప్పంతా తిరిగి, వేయిమంది నవ్వినట్టు సభ మీద కురిసింది. ఆయన తలారిని ఇంటికి పొమ్మని, నాగెన భుజాలకు తన పట్టుశాలువా పంపి, అంతదాకా నిలబడి పనిచేసే దుబాసికి కొలువులో ఆసనం వేయించాడు. సులైమాను గుర్రాలన్నీ తానే కొన్నాడు.

ఆ పిమ్మట రాజు సింహాసనం దిగి, సభ పొడవునా నడిచి వచ్చి, లేవని ఆ ఎడమచేతిని తానే ఎత్తి పట్టుకొని కంకణం తొడిగాడు. సింగోజు చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. ఆ మాట ఏ స్తంభానికీ అందలేదు. సింగోజు కళ్ల నుంచి నీరు ధారగా కారింది; తుడుచుకోకుండా, ఆ కళ్లతోనే అతడు తాను కట్టిన కప్పు వైపు చూశాడు.