గంగులు మోకాలు, సూరయ్య కూత

ఈ కథలో ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ జరిగితే చదివేవాళ్లు సర్దుకోవాలి. ఈమధ్య జ్ఞాపకం చిల్లుపడ్డ గోనెసంచిలా ఉంది. ఉన్న గింజలు కారిపోకముందే రాసి పెట్టడం మంచిది. పొరపాట్లుంటే మా హైమ దిద్దుతుంది.

ఎండాకాలం వస్తే చిట్టడవి పక్క ఏట్లో ఇసుకే మిగిలేది. ఇసుకలో ఒక చెలమ. రాత్రంతా ఊరిన నీళ్లు తెల్లవారేసరికి తేటగా నిలిచేవి. ముందు తాగినవాళ్లకు తేటనీళ్లు, వెనక వచ్చినవాళ్లకు బురద. ఆ గొడవ తెగక మందలోని జంతువులూ, చిట్టడవి జంతువులూ ఒక కట్టుబాటు చేసుకున్నాయి. ఏటా ఎండలు ముదరగానే ఇసుకలో చెడుగుడు ఆడాలి. గెలిచినవాళ్లు వానలు పడేదాకా ముందు తాగాలి.

తీర్పరి తాబేలు కూర్మయ్య. ఆయన ఇటు మందా కాదు, అటు అడవీ కాదు. తొందరపడి నోరు జారే అలవాటు అసలే లేదు. గీత దాటినవాడు ఒక్క ఊపిరిలో కూత పెడుతూ అవతలివాళ్లను తాకి రావాలి. కూత తెగితే ఎంతటివాడైనా అవుటే.

మందలో పేరున్న ఆటగాడు పొట్టేలు గంగులు. కిందటేడు కూతకు వెళ్లి తిరిగి వస్తూ ముందరి కాలి మోకాలు మెలిపెట్టుకున్నాడు. ఆట పోయింది. ఆ వేసవంతా మందలోని పిల్లలు బురదనీళ్లే తాగాయి. గంగుల్ని ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. అననందుకే వాడికి మరీ బాధగా ఉండేది.

వానాకాలం వెళ్లేసరికి మోకాలు నయమైంది. అడవి పక్షం పెద్ద నక్క సూరయ్యకు ఆ కబురు అందింది. అప్పట్నుంచి ఆయన పరామర్శలు మొదలయ్యాయి.

"అల్లుడూ, మోకాలు ఎలా ఉంది?"

"బాగానే ఉంది మామా."

"అంతకంటే కావలసిందేముంది. కాస్త కుంటుతున్నట్టు అనిపిస్తేనూ, అడిగాను."

"కుంటడం లేదే."

"లేదులే. నా కళ్లకే మసక."

మర్నాడు మళ్లీ వచ్చాడు. "మా బాబాయి కొడుక్కీ ఇలాగే నయమైందనుకున్నారు. పాపం, ఆ సంగతి ఇప్పుడు నీకెందుకులే."

గంగులుకి నెమరు సయించడం మానేసింది. పడుకుంటే మోకాలి మీదే ధ్యాస. నడిస్తే చూపంతా దాని మీదే. ఒకనాడు సాధన చేస్తూ మోకాలినే చూసుకుంటూ పరిగెత్తి, ఎదురుగా నిలబడ్డ గాడిదను గుద్దుకుని పడ్డాడు. మోకాలికి ఏమీ కాలేదు. ఎడమ భుజం వాచింది. "ఏం లేదు, ఏం లేదు" అని నవ్వేసి తుమ్మచెట్టు చాటుకి పోయాడు.

అక్కడికి మెల్లగా వచ్చింది బర్రె మాణిక్యమ్మ.

"ఎడమ భుజమేనా?"

"భుజానికేమైంది పెద్దమ్మా?"

"అటువైపు ఈగలు ముసురుతున్నా ఒళ్లు విదల్చడం లేదు. నాకు కొమ్ములు వంకరగాని చూపు వంకర కాదురా."

గంగులు తల దించుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. చెబితే నన్ను పక్కన పెడతారు."

"చెప్పకపోతే ఆటలో కూలబడతావు. అప్పుడు నిన్ను మోసేది ఎవరు? నేనేగా. రోజు రోజుకీ బరువెక్కుతున్నావు కూడాను."

గంగులుకి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. "మోకాలు మళ్లీ పోతుందేమోనని భయంగా ఉంది పెద్దమ్మా. పోతే పిల్లలకు ఈ ఏడూ బురదే."

"ఈ ముక్క బయటికి రావడానికి ఇన్నాళ్లు పట్టిందా? మోకాలు ఎప్పుడో బాగైంది. నువ్వే దానికి కాపలా కూర్చున్నావు. కళ్లు మోకాలి మీదుంటే అంతటి గాడిద ఎలా కనబడుతుంది? బెదురుతో ఒళ్లంతా కొయ్యలా బిగబట్టావు. అలా బిగిస్తే చిన్న దెబ్బా పెద్దదే అవుతుంది."

"అయితే భయం పోయేదాకా ఆడకూడదా?"

"అదెక్కడికి పోతుంది? నాకు జలగలంటే ఇప్పటికీ భయమే. అయినా నీళ్లలో దిగుతాను. చూసుకుని దిగుతాను."

ఆ సాయంత్రమే మాణిక్యమ్మ వాణ్ణి మంద ముందు నిలబెట్టి ఉన్నమాట చెప్పించింది. ఎవరూ పక్కన పెట్టలేదు. "వాపు తగ్గేదాకా నీ బదులు నేను ఉరుకుతాలే. గుద్దించుకున్నది నేను, కుంటేది నువ్వూనా" అన్నాడు గాడిద. గంగులు గుండెల్లోంచి బరువు దిగిపోయింది.

వాపు తీశాక ఆమె వాణ్ణి ఇసుకలో నడిపించింది. ముందు ఉత్త నడక, కూత. తర్వాత నెమ్మది పరుగు. ఆ తర్వాతే గాడిదతో మెత్తగా తోపులాట. ప్రతిసారీ ఒక్కో కాలూ ఎత్తి విదిలించాలి. ఊపిరి నిండుగా వదిలి భుజాలు జార్చాలి. చూపు ఎదుటివాడి రొమ్ము మీద ఉంచాలి. భయం వస్తే, "వచ్చావా, ఆ పక్కన కూర్చో" అని పైకే అనాలి. మొదట్లో గంగులుకి సిగ్గేసింది. తర్వాత అలవాటైంది.

ఆట రోజు వచ్చింది. ఆడగా ఆడగా మంద పక్షంలో గంగులు ఒక్కడే మిగిలాడు. అవతల రెండు అడవిపందులు, సూరయ్య. గంగులు కూతకు వెళ్లాడు.

"జాగ్రత్త అల్లుడూ, మోకాలు" అన్నాడు సూరయ్య ఎంతో ప్రేమగా.

భయం రానే వచ్చింది. కూత ఆపకుండానే దాన్ని మనసులో పక్కన కూర్చోబెట్టాడు గంగులు. చూపు దించలేదు. పందులు రెండింటినీ తాకి గీత దాటి వచ్చేశాడు.

ఇక అటొకడు, ఇటొకడు. సూరయ్య కూతకు వచ్చాడు. గంగులు అలవాటు ప్రకారం కాలెత్తి విదిలించాడు. నక్క చూపు చటుక్కున ఆ మోకాలి మీద వాలింది. గంగులు అది గమనించాడు. అదే కాలు మరోసారి, ఇంకా మెల్లగా ఎత్తి దించాడు.

సూరయ్య నోరు ఊరుకోలేదు. ఇన్నాళ్లుగా వేసిన విత్తు మొలిచిందనుకున్నాడు.

"చెడుగుడు చెడుగుడు... ఏం అల్లుడూ, మళ్లీ పట్టేసిందా?"

కూర్మయ్య నిదానంగా మెడ బయటికి చాచాడు. "కూత తెగింది. సూరయ్య అవుట్."

"నేను పరామర్శించానండీ."

"పరామర్శించావు. కూత తెగింది."

మర్నాడు పొద్దున్నే చెలమ దగ్గర మంద చేరింది. మాణిక్యమ్మ అందరి వెనక నిలబడింది. గంగులు వెళ్లి ఆమె దారికి అడ్డం నిలిచాడు.

"ముందు నువ్వు తాగు పెద్దమ్మా."

"నేను మూతి పెడితే నీళ్లు కలకబారిపోతాయిరా. పిల్లల్ని తాగనీ."

"మళ్లీ తేరుకునేదాకా ఆగుతాం. పిల్లలు కూడా సరేనన్నాయి."

మాణిక్యమ్మ ముందుకు వచ్చింది. వంగి తాగింది. ఊరిన నీళ్లు తేటపడేదాకా మంద అంతా ఇసుకలో కదలకుండా నిలబడింది.

సూరయ్య ఆ వేసవంతా మధ్యాహ్నాలు వచ్చి, మిగిలిన బురదనీళ్లు తాగి వెళ్లేవాడు. ఎవరి కాలు ఎలా ఉందో అడగలేదు.

నీతి: కాలు నయమయ్యాక మిగిలిన భయాన్ని అయినవాళ్లతో చెప్పుకుని, దాన్ని పక్కన కూర్చోబెట్టినవాడే క్షేమంగా ఆడతాడు.

అమ్మా హైమా, నక్క సూరయ్యా, తాబేలు కూర్మయ్యా సరేనా, లేక ఎక్కడైనా అటూ ఇటూ మార్చి రాశానా? పేర్లు ఒక్కసారి చూసి పెట్టు తల్లీ.